ఉభయకుశలోపరి లేని ప్రార్థనలు

ధ్యాన భాగములు: కీర్తనలు 13, 73, 88, 130



మన తెలుగు బాప్టిస్టు సంఘములలో ప్రార్థనకు కొదువ లేదు. ఆదివారము ఆరాధనలో ప్రార్థన, వారము మధ్య గృహకూటములో ప్రార్థన, శుక్రవారము ఉపవాస ప్రార్థన, స్త్రీల సమాజములో ప్రార్థన. కోలారులోనైనను, హోసూరులోనైనను, బరంపురములోనైనను, సోలాపురములోనైనను, యానాములోనైనను నలుగురు తెలుగు విశ్వాసులు కూడినచోట మొదట వినబడునది ప్రార్థనయే. ఇందు నిమిత్తము దేవునికి స్తోత్రము.

మనకు అచ్చువేసిన ప్రార్థన పుస్తకము లేదు. చదువుకొన్నవాడైనను, వేలిముద్ర వేయువాడైనను క్రీస్తునుబట్టి తిన్నగా తండ్రి సన్నిధికి వెళ్లి తన నోటితో తానే మాటలాడవచ్చునని మన పెద్దలు నేర్పిరి. ఇది మనకు అమూల్యమైన స్వాతంత్ర్యము. అయితే శ్రద్ధగా వినినయెడల ఒక సంగతి తెలియును. అచ్చు పుస్తకము లేకపోయినను, కంఠస్థమైన పుస్తకమొకటి మన నాలుకల మీద తయారైనది. ఆరంభము అదే, నడుమ అదే, ముగింపు అదే. గడచిన దినములలో కాపాడితివి, ఈ దినమున సజీవుల లెక్కలో ఉంచితివి, బలహీనులమైన మమ్మును దీవించుము. ఈ మాటలలో ఏదియు అబద్ధము కాదు. కాని ఈ మాటలు చెప్పి కూర్చున్న సహోదరుని గుమ్మము ముందు సోమవారము ఉదయమున అప్పులవాడు వచ్చి నిలువబోవుచున్నాడు. అతని కుమార్తె రెండు నెలలుగా తండ్రితో మాటలాడుట లేదు. గుండెలో ఉన్నది ఒకటి, ప్రార్థనలో వచ్చినది మరియొకటి. అట్టి ప్రార్థన చేసినవాడు వేషధారి అని మేము చెప్పుట లేదు. నిజము చెప్పుటకు మాటలు ఎవరును అతనికి నేర్పలేదని మాత్రమే చెప్పుచున్నాము.

ఉత్తరముల వరుస

ఉత్తరములు వ్రాసుకొన్న దినములలో బడిలో లేఖారచన అను పాఠము ఉండెడిది. మేము పిల్లలకు నేర్పిన వరుస ఇది: పైన ఊరిపేరు, తేదీ. తరువాత సంబోధన. తరువాత క్షేమ సమాచారము. ఆ మీదట "ఉభయకుశలోపరి" అని వ్రాసి, అప్పుడు విషయము వ్రాయవలెను. ఇరుపక్షముల వారి కుశలము చెప్పుకొన్న మీదట అని ఆ మాటకు అర్థము. మర్యాదగల వరుసయే.

అయితే పొట్ట చేతపట్టుకొని ఊరు విడిచిన మనవారి చేతిలో ఆ వరుస మరియొక పనికి ఉపయోగపడినది. గనిలో కాలు విరిగినను, మిల్లులో పని పోయినను, కాన్పులో బిడ్డ దక్కకపోయినను కార్డులో మొదటి వాక్యము మాత్రము మారలేదు: ఇచ్చట మేమందరము క్షేమము. ఊరిలో తల్లి బెంగపెట్టుకొనునని కొంత, నలుగురిలో పరువు పోవునని కొంత. ప్రేమచేత దాచినది ఉన్నది, సిగ్గుచేత దాచినదియు ఉన్నది. ఎన్నియో కార్డులలో ఉభయకుశలోపరి తరువాత వ్రాయవలసిన విషయము వ్రాయబడనే లేదు.

తల్లి దూరమున ఉన్నది గనుక కార్డులోని మాటే ఆమెకు ఆధారము. దేవుడు అట్లు దూరమున ఉన్నవాడు కాడు. మన నాలుకకు మాట రాకమునుపే అది ఆయనకు తెలియునని దావీదు 139వ కీర్తనలో ఒప్పుకొనుచున్నాడు. అట్టి దేవునికి క్షేమ సమాచారము మాత్రమే చెప్పి లేచి వచ్చుటవలన ఆయనకు తెలియకుండపోవునది ఏదియు లేదు. నష్టము మనకే. ఆయన యెదుట విప్పని మూటను మరల మనమే భుజముమీద పెట్టుకొని ఇంటికి మోసికొని పోవుచున్నాము.

దేవుడు మనకిచ్చిన పాఠ్యపుస్తకము

కీర్తనల గ్రంథములో 150 కీర్తనలు ఉన్నవి. అవి ఐదు స్కంధములుగా అమర్చబడినవి. ప్రతి స్కంధము చివర స్తుతి ఉన్నది. హెబ్రీ భాషలో ఈ గ్రంథమునకు పెట్టిన పేరునకు "స్తుతులు" అని అర్థము. అయితే లోపల తెరచి చూచినయెడల మొరలు, ప్రశ్నలు, కన్నీళ్లు, కోపము, భయము ఎంత విస్తారముగా ఉన్నవో! స్తుతుల సంఖ్యతో మొరల సంఖ్య పోటీపడుచున్నది.

ఇందులో మనకొక గొప్ప ఆదరణ ఉన్నది. దేవుని యొద్దకు తెచ్చిన ఏడ్పును కూడ పరిశుద్ధాత్ముడు స్తుతుల పుస్తకములోనే చేర్చెను. ఏడ్చుటకు ఒక పుస్తకము, స్తుతించుటకు మరియొక పుస్తకము వేరుగా ఇయ్యలేదు. దేవుడు లేడనుకొన్నవాడు ఆయనకు మొరపెట్టడు. ఆయన వినునని, వినగలడని, వినవలసినవాడని నమ్మినవాడే మొరపెట్టును. గనుక మొర కూడ ఒక విధమైన విశ్వాసపు ఒప్పుకోలే.

ఈ పాఠ్యపుస్తకములోనుండి కొన్ని పాఠములను వరుసగా చూతము.

మొదటి పాఠము: అడుగవలసినది అడుగుట

13వ కీర్తనలో ఉన్నవి ఆరు వచనములే. అందులో "ఎన్నాళ్లు" అను ప్రశ్నను దావీదు నాలుగుమార్లు అడుగుచున్నాడు. తన్ను దేవుడు మరచెనా అని అడుగుచున్నాడు. ఆయన ముఖము దాచుకొనెనా అని అడుగుచున్నాడు. ప్రార్థనను స్తోత్రముతోనే ఆరంభించవలెనను నియమము ఇక్కడ లేదు. గుండెమీద ఏది బరువుగా ఉన్నదో దానితోనే ఆరంభమైనది. తరువాత రెండు వచనములలో తనకు కావలసినది అడుగుచున్నాడు. చివరి రెండు వచనములలో దేవుని కృపను నమ్ముకొని పాడుచున్నాడు. ప్రశ్న, మనవి, నమ్మిక: ఈ మూడు మెట్లు గుర్తుంచుకొనుట చిన్నపిల్లలకు సహితము సులభము.

అయితే మొదటి మెట్టు దాటి ఒకేసారి మూడవ మెట్టుమీదికి దుముకుట మనకు అలవాటు. అట్లు దుమికినవాని నమ్మిక నోటివరకే ఉండును.

రెండవ మెట్టునుగూర్చి మన తెలుగు బాప్టిస్టుల చరిత్రలోనే ఒక సాక్ష్యము ఉన్నది. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలులోని ఒక కొండమీద జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తము ఐదుగురు మోకరించిరి. నెల్లూరు మిషను పనిని విడిచిపెట్టుదమా అని అమెరికాలో చర్చ జరిగిన కాలమది. వారు సాధారణమైన దీవెనలు అడుగలేదు. కొండక్రింద కనబడుచున్న ఒంగోలు పట్టణమునకు ఒక పనివానిని పంపుమని అడిగిరి. క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండుటకు వచ్చినది 1866లో. నడుమ పండ్రెండు సంవత్సరములు గడిచెను. ఊరిపేరు చెప్పి అడిగినవారికే జవాబు వచ్చినప్పుడు దానిని గుర్తుపట్టుటకు వీలగును. "అందరిని అన్ని విధముల దీవించుము" అని అడిగినవానికి జవాబు వచ్చినను ఎట్లు తెలియును?

రెండవ పాఠము: లోతులలోనుండి పిలుచుట

130వ కీర్తనకారుడు తాను అగాధములలో ఉన్నానని మొదటి మాటలోనే చెప్పుచున్నాడు. ముందు గట్టుకు చేరి, బట్టలు మార్చుకొని, తరువాత ప్రార్థించుదునని అతడు ఆగలేదు. ఉన్నచోటినుండియే పిలిచెను.

కోలారు బంగారు గనుల ప్రాంతమున కాపురమున్న మనవారికి ఈ కీర్తన అర్థము వేరుగా చెప్పనక్కరలేదు. అక్కడ తెలుగువారు, తమిళులు తరతరములుగా కలిసి పనిచేసిరి. ఆ గనులు భూమిలోనికి 3 కిలోమీటర్లకు పైగా దిగినవి. వెలుగు లేనిచోట, ఊపిరాడని వేడిలో పనిచేసినవారి మనుమలు నేడు మన సంఘములలో ఉన్నారు. 2001లో గనులు మూతబడినప్పుడు మరియొక విధమైన లోతు వచ్చెను. పని పోయినవాడు పగటివేళ ఇంటిలో కూర్చుండుట, చదువుకొనుచున్న బిడ్డ ముఖము చూడలేకపోవుట, ఇది కూడ అగాధమే. అట్టివానితో "దేవుడు ఏదో ఒక దారి చూపును లెండి" అని చెప్పి వెళ్లిపోవుట సులభము. అతనితో కూర్చుండి ఈ ఎనిమిది వచనములు చదువుట అంతకంటె మేలు.

ఈ కీర్తనలో మరియొక పోలిక ఉన్నది. రాత్రి కావలివారు తెల్లవారుటకు ఎదురుచూచునట్లు నేను ప్రభువుకొరకు ఎదురుచూచుచున్నానని రెండుమార్లు చెప్పుచున్నాడు. బెంగుళూరులోను, చెన్నైలోను, ముంబయిలోను రాత్రి వాచ్‌మన్ పని చేయు మన సహోదరులు ఉన్నారు. మూడు గంటల వేళ కాలము ఎట్లు కదలక నిలిచియుండునో వారికి తెలియును. అయినను తెల్లవారునా తెల్లవారదా అని ఏ వాచ్‌మన్ అనుమానపడడు. ఎప్పుడు అనునదే అతని ప్రశ్న. విశ్వాసము గల ఎదురుచూపు అట్టిది.

మూడవ పాఠము: ఓర్వలేనితనమును దేవుని యెదుట పెట్టుట

73వ కీర్తన వ్రాసిన ఆసాపు సామాన్యుడు కాడు. దావీదు కాలములో దేవుని మందసము ఎదుట పాటకు నియమింపబడిన ముఖ్యుడు. నేటి మాటలో చెప్పవలెనంటే గాయక బృందపు పెద్ద. అట్టివాడు దుష్టులు వర్ధిల్లుట చూచి మత్సరపడితినని, తన కాలు జారుటకు కొంచెములో తప్పెనని, శుద్ధముగా బ్రదుకుట వ్యర్థమేమో అనిపించెనని బాహాటముగా చెప్పుచున్నాడు.

మనలో కూడ ఈ నొప్పి ఉన్నది. పరాయి రాష్ట్రమునకు వచ్చి నలువది యేండ్లు కష్టపడినను అద్దె ఇల్లే మిగిలినది. ఊరిలో ఉండిపోయిన తమ్ముని అరయెకరము పక్కగా రోడ్డు పడి ధర పెరిగినది. అన్యాయముగా సంపాదించినవాడు మందిరమునకు ఫ్యానులు కానుకగా ఇచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. ఈ సంగతులు మనము కాఫీ దగ్గర మాటలాడుకొందుము, రైలులో మాటలాడుకొందుము. దేవునితో మాత్రము మాటలాడము. ఆసాపు దీనిని దేవుని పరిశుద్ధ స్థలములోనికి తీసికొనిపోయెను. అక్కడనే అతనికి చూపు తేటపడెను. తమ్ముని పొలము చిన్నది కాలేదు, దేవుడు పెద్దవాడుగా కనబడెను. పరలోకమందు నీవు తప్ప నాకెవరున్నారని చెప్పగలిగిన స్థితికి ఆసాపు చేరినది తన అసూయను ముందుగా ఒప్పుకొన్న తరువాతనే.

నాలుగవ పాఠము: కోపమును న్యాయాధిపతికి అప్పగించుట

137వ కీర్తన బబులోను చెరలో ఉన్నవారిది. పరాయి నదుల యొద్ద కూర్చుండి, సితారాలు చెట్లకు తగిలించి, సీయోనును తలంచుకొని వారు ఏడ్చిరి. మన సంగతి వేరు. మనలను ఎవరును చెరపట్టి తేలేదు. కొందరము బ్రదుకుతెరువుకై వచ్చితిమి. పర్లాకిమిడి వంటి చోట్ల మనవారు కదలనే లేదు. 1936లో ఒడిశా ఏర్పడి సరిహద్దు గీతయే కదలినది. మనము నిలిచిన నేల మనకు అన్నము పెట్టినది. అయినను స్వజనులకు దూరమైన బాధ ఏమిటో మనకు కొంచెము తెలియును. ఆ కీర్తన చివర ఉన్న ప్రతీకారపు మాటలు చదువుటకు మనకు భయము కలుగును. కూటములలో ఆ వచనములు విడిచిపెట్టి చదువుట కద్దు.

అవి మనము చేయవలసిన పనిని చూపు మాటలు కావు. నలిగిపోయినవారు తమ కోపమును కత్తికి గాక దేవునికి అప్పగించిన మాటలు. మేస్త్రీ కూలి ఎగవేసినప్పుడు, భాగస్థుడు మోసము చేసినప్పుడు, స్థలము తగవులో స్వంత అన్నయే అబద్ధపు సాక్ష్యము చెప్పినప్పుడు మండుచున్న గుండెను ఎక్కడో ఒకచోట విప్పవలెను. విప్పనియెడల అది భార్యమీద పడును, బిడ్డలమీద పడును. 55వ కీర్తనలో దావీదు తన్ను గాయపరచినది శత్రువు కాదు, తనతో కూడ మందిరమునకు నడచిన స్నేహితుడేయని దేవునితో చెప్పి, తన భారమును ఆయనమీద మోపుచున్నాడు. శత్రువులను ప్రేమించుమని మన ప్రభువు ఆజ్ఞాపించెను. ఆ ప్రేమకు చేరు దారిలో మొదటి అడుగు, ఇతనిమీద నాకు ద్వేషమున్నది ప్రభువా అని ఒప్పుకొనుటయే.

ఐదవ పాఠము: పాపమునకు పేరు పెట్టుట

నిజాయితీ అనగా ఫిర్యాదు మాత్రమే కాదు. నేను ఒప్పుకొనక మౌనముగా ఉన్నంతకాలము నా ఎముకలు కృశించెనని 32వ కీర్తనలో దావీదు చెప్పుచున్నాడు. నాతాను వచ్చి గద్దించిన మీదట 51వ కీర్తన పుట్టెను. "మేమందరము పాపులమే" అని సంఘమంతటితో కలిసి చెప్పుట తేలిక. "నేను, ఈ పని, ఈ మనుష్యునికి" అని చెప్పుటే కష్టము. పర్లాకిమిడి ప్రాంతమున పుట్టి, 1803 మొదలు 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలను మనము నేటికిని పాడుచున్నాము. ఆయన పాటలలో పాపి ఎక్కడో ఉన్న పరాయివాడు కాడు, పాడుచున్నవాడే. మన ప్రార్థనలు కూడ అట్లే ఉండవలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. కొందరు ప్రార్థన పేరుతో ఇతరుల పాపములకు పేరు పెట్టుదురు. కన్నులు మూసుకొని కోడలికి బుద్ధి చెప్పుట, దేవుని సంబోధించి సంఘ కార్యదర్శిని దెప్పుట, రహస్యముగా విన్న సంగతిని "ప్రార్థన అంశము" అని పదిమందికి చేర్చుట, ఇవి నిజాయితీ కావు. కీర్తనకారులు తమ హృదయమును విప్పిరి గాని పొరుగువాని గుట్టును విప్పలేదు. గదిలో దేవునితో చెప్పవలసినది గదిలోనే చెప్పుదము. సంఘములో మన భారమును పంచుకొనునంతవరకే చెప్పుదము.

ఆరవ పాఠము: తెల్లవారని రాత్రి

చాలమట్టుకు మొరలన్నియు చివరకు స్తుతివైపు తిరుగును. 88వ కీర్తన అట్లు తిరుగదు. ఎజ్రాహీయుడైన హేమాను పేరుతో ఉన్న ఈ కీర్తన చీకటితోనే ముగియును. పగలును రాత్రియు మొరపెట్టితినని, నా స్నేహితులు నాకు దూరమైరని చెప్పి, ఏ వెలుగును చూపక ఆగిపోవుచున్నది. దేవుడు దీనిని ఎందుకు ఉంచెను?

కొన్ని సంవత్సరముల క్రిందట మన సంఘ సభ్యురాలైన ఒక తల్లి ఇంటికి మేము వెళ్లితిమి. కట్టుచున్న భవనముమీదినుండి పడి ఆమె ఒక్కగానొక్క కుమారుడు మరణించి నాలుగు నెలలైనది. ఆమె మందిరమునకు వచ్చుట మానుకొన్నది. వచ్చినవారందరు ధైర్యము చెప్పి, దేవుని చిత్తమని చెప్పి వెళ్లిరి. ఆమె కాఫీ ఇచ్చి, "ప్రార్థన చేయమని మాత్రం అడగకండి మాష్టారూ. నోరు తెరిస్తే తిట్లే వచ్చేటట్టున్నాయి" అన్నది. మేము ప్రార్థన చేయమని అడుగలేదు. 88వ కీర్తన మెల్లగా చదివితిమి. చివరి వచనమైన తరువాత ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "ఇది బైబిల్లోనే ఉందా మాష్టారూ?" అని అడిగి, పుస్తకము తన చేతిలోనికి తీసికొని వేలుపెట్టి చూచుకొన్నది.

కొన్ని వారముల తరువాత ఉపవాస ప్రార్థన కూటములో వెనుక వరుసలోనుండి ఆమె గొంతు వినబడెను. "నువ్విచ్చినవాడే గదా తండ్రీ, ఎందుకు తీసుకొన్నావో నాకింకా తెలియదు. నీ దగ్గరే కూర్చుంటాను" అని మాత్రము చెప్పి ఊరకుండెను. మందిరములో నిశ్శబ్దము. ఏమి చెప్పవలెనో ఎవరికిని తోచలేదు. అప్పుడు ఒక ముసలి తాతగారు ఆమేన్ అనెను. తరువాత అందరును అనిరి. ఆమెకు జవాబు దొరకినదని మేము చెప్పజాలము. ఆమె ఇప్పుడును మందిరమునకు వచ్చుచున్నదని మాత్రము చెప్పగలము. 88వ కీర్తన మొదటి మాటలో హేమాను దేవుని తన రక్షణకర్తగా పిలిచెను. చీకటిలో కూర్చుండి కూడ పిలువవలసినవాని పేరు అతడు మరువలేదు. తెల్లవారని రాత్రిలో ఉన్నవారికి ఆ ఒక్క మాట చాలును.

ప్రభువు కూడ కీర్తనలతోనే ప్రార్థించెను

ఇట్లు ప్రార్థించుట అవిశ్వాసమేమో అని భయపడువారు సిలువవైపు చూడవలెను. మన ప్రభువు సిలువమీద దేవుడు తన్ను ఎందుకు విడిచెనని కేకవేసినప్పుడు పలికినది 22వ కీర్తనలోని మొదటి మాటలే. తన ఆత్మను తండ్రి చేతికి అప్పగించినప్పుడు పలికినది 31వ కీర్తనలోని మాట. పాపము లేనివాడు, తండ్రికి ప్రియుడైనవాడు, "అంతయు క్షేమము" అని నటింపలేదు. శరీరధారియైయున్న దినములలో ఆయన మహా రోదనముతోను కన్నీళ్లతోను ప్రార్థించెనని హెబ్రీ పత్రిక ఐదవ అధ్యాయము సాక్ష్యమిచ్చుచున్నది. ఆయన నామమున ప్రార్థించు మనము ఆయనకంటె మర్యాదస్థులము కానక్కరలేదు.

ఏ భాషలో?

మన సంఘములలో మూడవ తరము, నాలుగవ తరము పిల్లలు ఉన్నారు. ఇంటిలో తెలుగు విందురు గాని అక్షరములు రావు. బడిలో కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ. ప్రార్థన చేయుమనినప్పుడు పెద్దల తెలుగు మాటలను అప్పగించి కూర్చుందురు. లేనియెడల తప్పులు వచ్చునని భయపడి నోరు తెరువరు. తెలుగు నేర్పవలసినదే, తెలుగు బైబిలు చదివింపవలసినదే. మేము ఉపాధ్యాయ వృత్తిలో నుండి వచ్చినవారము గనుక భాషయందు మాకు మమకారము తక్కువ కాదు. అయితే ప్రార్థన సమయము వ్యాకరణ పరీక్ష కాదు. ఏ భాషలో ఏడ్పు వచ్చునో ఆ భాషలో ప్రార్థన చేయనియ్యవలెను. పెంతెకొస్తు దినమున ఎవరి భాషలో వారు వినునట్లు మాటలాడించిన దేవునికి మన బిడ్డల కన్నడమును అర్థమగును, ఒడియాయు అర్థమగును. తాతగారు తెలుగులో కీర్తన చదువగా మనుమరాలు తన బడి భాషలో దేవునితో మాటలాడునట్లు మన ఇండ్లలో జరిగినయెడల, అది మన సంఘములకు దీవెనయే.

ఏడు దినముల అభ్యాసము

విని విడిచిన పాఠము నిలువదు, అభ్యసించినదే నిలుచును. గనుక ఒక వారము ఈ విధముగా చేసి చూడవలసినదిగా కోరుచున్నాము. సోమవారము 13, మంగళవారము 32, బుధవారము 73, గురువారము 55, శుక్రవారము 22, శనివారము 130, ఆదివారము 103. దుఃఖములో ఉన్నవారు ఏ దినమైనను 88 చదువవచ్చును.

చదువునప్పుడు పెదవులు కదలునట్లు, చెవికి వినబడునట్లు మెల్లగా చదువవలెను. "సెలా" అను మాట వచ్చినచోట ఒక నిమిషము ఆగవలెను. గ్రంథములో ఈ మాట 71 మార్లు ఉన్నది. పాటలో విరామము కొరకు పెట్టిన గుర్తని పలువురు పండితులు తలంచుచున్నారు. అక్కడ ఆగి, మన ఇంటి సంగతిని దాని పేరుతో దేవునికి చెప్పవలెను. 13వ కీర్తనలో దావీదు తన కష్టమేదో వివరింపలేదు. ఖాళీగా ఉన్న ఆ స్థలములో మన అప్పును, మన వ్యాధిని, మన బిడ్డ పేరును పెట్టుటకు వీలున్నది. చెప్పిన తరువాత వెంటనే లేవక కొంతసేపు మౌనముగా ఉండవలెను. స్తుతి వచ్చినయెడల స్తుతింపవలెను. రానియెడల, రాలేదని ఆయనకే చెప్పవలెను.

39వ కీర్తన చివర దావీదు తన పితరులందరివలె తానును దేవుని యొద్ద అతిథిని, పరవాసిని అని చెప్పుకొనుచున్నాడు. దేశమునకు రాజైయుండియు అట్లు చెప్పెను. పరవాసులమైన మనకు ఈ మాట ఎంత దగ్గరిది! రేషను కార్డులో ఏ ఊరు ఉన్నను, మనము పరవాసులుగా ఉన్నది ఆయన యొద్దనే. ఆ ఇంటిలో మనము దాచవలసినది ఏదియు లేదు.

ప్రార్థించుదము: తండ్రీ, మా క్షేమము నీకు తెలియును, మా క్షేమము కానిదియు నీకు తెలియును. పెద్దల యెదుట చెప్పలేనిది, బిడ్డల యెదుట చెప్పకూడనిది నీ యెదుట చెప్పుటకు మాకు నోరు ఇమ్ము. మాలో చీకటిలో కూర్చున్నవారి ప్రక్కన తొందరపడక కూర్చుండుటకు మాకు ఓపిక ఇమ్ము. కన్నీళ్లతో ప్రార్థించిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము.

ప్రభువైన యేసుక్రీస్తు కృప మీ ఇండ్లన్నిటికిని, మీ సంఘములన్నిటికిని తోడైయుండును గాక. ఆమేన్.